శుక్రవారం ఫాస్ట్, ఆదివారం స్లో: టైమ్ షీట్‌లో దేన్ని నమ్మాలి?

వేళచ్చేరి_వీల్‌నట్:
శుక్రవారం ప్రాక్టీస్‌లో పైన వెలిగిన కారు ఆదివారం ఏ ఎనిమిదో స్థానంలోనో తేలుతుంది. ఎఫ్1లోనూ ఇదే తంతు, చెన్నై దగ్గరి మన ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌లోనూ ఇదే. షీట్‌లో దేన్ని నమ్మాలి, దేన్ని వదిలేయాలి? క్వాలిఫయింగ్ (రేసు మొదలయ్యే వరస తేల్చే సెషన్), రేసు సంగతి కూడా తెలిసినవాళ్లు రాయండి. "అంతా లక్కు" అని మాత్రం వద్దు.

స్టాప్‌వాచ్_శాస్త్రి:
ముందు బెస్ట్ లాప్ కాలమ్‌ని చేత్తో మూసేయండి. ఎంత పెట్రోలుతో, ఇంజిన్‌ని ఎంత పిండి ఆ టైమ్ తీశారో షీట్ చెప్పదు. ఎఫ్1లో 5 కి.మీ. ట్రాక్ మీద 10 కిలోల పెట్రోలు సుమారు 0.3 సెకన్లు తింటుంది. ఒక టీమ్ 20 కిలోలు ఎక్కువ వేసుకుని తిరిగితే 0.6 పోయినట్టే. మధ్య స్థానాల గుంపులో ఆ తేడాకి ఐదారు స్థానాలు గల్లంతవుతాయి.

చూడాల్సింది లాంగ్ రన్. ఒకే సెట్ టైర్ల మీద వరసగా తిరిగిన 8–10 లాప్‌లు తీసుకోండి. అవుట్ లాప్ (టైర్లు మార్చే పిట్ నుంచి బయటికొచ్చేది), ఇన్ లాప్ (పిట్‌కి తిరిగొచ్చేది), ట్రాఫిక్‌లో పాడైన లాప్ కొట్టేసి మిగతావి కింద కింద రాయండి. అసలు బోల్తా పడేది ఇక్కడే. టైమ్ 1:34.2 దగ్గర కదలకుండా ఉంటే టైరు అరగడం లేదనుకుంటారు. కానీ లాప్‌కి 1.7 కిలోల పెట్రోలు కాలితే బరువు తగ్గి కారు 0.05 సెకన్లు వేగం పెరగాలి కదా. పెరగలేదంటే ఆ 0.05ని టైరు మింగింది. 20 లాప్‌లయ్యేసరికి ఆ టైరు కొత్తదానికన్నా లాప్‌కి 1 సెకను వెనక.

అడయార్_యాక్సిల్:
శాస్త్రిగారూ, ఆ 0.3ని ఇరుంగట్టుకోట్టైకి పట్టుకురాకండి. ట్రాక్ 3.7 కి.మీ., చిన్న ఫార్ములా కార్లలో పోసే పెట్రోలే తక్కువ. ఇక్కడ తేడా అంతా టైర్ల గాలిలో ఉంటుంది.

ఎఫ్4 అనే ఈ చిన్న ఫార్ములాలో టైర్లని ముందే వేడిచేసే బ్లాంకెట్లు ఉండవు. చల్లటి టైరుతోనే బయల్దేరాలి, రెండు మూడు లాప్‌లు తిరిగితేగానీ పట్టు రాదు. మొదటి లాప్ టైమ్ చూసి కారుకి తీర్పు చెప్పేయడం తప్పు. 30 డిగ్రీల దగ్గర 20 పీఎస్‌ఐ పెట్టిన టైరులో గాలి 80 డిగ్రీలకి చేరితే 25–26 పీఎస్‌ఐ అవుతుంది. లెక్క సులువు: ఈ రేంజిలో ప్రతి 10 డిగ్రీలకి 1.1 పీఎస్‌ఐ. కాబట్టి మనకి కావాల్సిన హాట్ ప్రెషర్ ముందు అనుకుని, వెనక్కి లెక్క కట్టి కోల్డ్ ప్రెషర్ పెట్టాలి. ఎక్కువైతే టైరు మధ్య భాగమే రోడ్డుకి ఆని, కారు జారి, పైపొర కాలిపోతుంది. తక్కువైతే పక్కగోడలు వంగి స్టీరింగ్ మొద్దుబారుతుంది.

గిండీ_గేజ్:
+1. చెన్నై ఎండ గురించి ఒక ముక్క కలుపుతాను. కారు ఒక పక్కకి ఎండ తగిలేలా నిలబెట్టి గాలి చూస్తే, ఆ పక్క టైర్లు 1 పీఎస్‌ఐ ఎక్కువ చూపిస్తాయి. సమానం చేద్దామని గాలి వదిలేస్తారు. ట్రాక్ మీద రెండు పక్కలూ వేడెక్కాక ఎండ పక్క టైర్లలో తక్కువ మిగులుతుంది, కారు ఎడమకొకలా కుడికొకలా తిరుగుతుంది. డ్రైవరేమో "సస్పెన్షన్ పాడైంది" అంటాడు! నీడలో అరగంట ఉంచి, నాలుగూ ఒకే గేజ్‌తో చూడాలి. మామూలు కంప్రెసర్ గాలిలో మన ఊరి తేమంతా ఉంటుంది. వేడికి ఆ నీరు ఆవిరై ప్రెషర్ లెక్క తప్పుతుంది. పొడి నైట్రోజన్ వాడేది అందుకే, మహిమ ఉందని కాదు.

ఐలాండ్‌గ్రౌండ్స్_అప్పు:
క్వాలిఫయింగ్ సంగతి. వీధి సర్క్యూట్‌లో అది వేరే ఆట. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1న చెన్నై ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ 3.5 కి.మీ. సర్క్యూట్‌లో నైట్ రేసు జరిగింది కదా, అది మామూలుగా బస్సులూ ఆటోలూ తిరిగే రోడ్డు. మొదట్లో దుమ్ము, నూనె. కార్లు తిరిగేకొద్దీ రబ్బరు పరుచుకుని లాప్ టైమ్ దానంతటదే పడిపోతుంది. అందుకని సెషన్ చివర్లో తీసిన లాపే మంచిదవుతుంది. కానీ గోడలు దగ్గర, ఎవరో ఒకరు గుద్దితే రెడ్ ఫ్లాగ్ ఊపి సెషన్ ఆపేస్తారు, ఆ లాప్ గోవిందా. ముందే ఒక సేఫ్ లాప్ బ్యాంకులో వేసుకోని వాళ్లు అక్కడ దొరికిపోతారు. వాన పడితే రబ్బరంతా కడుక్కుపోయి, లెక్క మళ్లీ మొదటికి.

వేళచ్చేరి_వీల్‌నట్:
ఎఫ్1 క్వాలిఫయింగ్ మొదటి రౌండ్ Q1లో పెద్ద టీమ్‌ల కార్లు కూడా ఎందుకు ఇరుక్కుంటాయి మరి?

స్టాప్‌వాచ్_శాస్త్రి:
Q1 18 నిమిషాలు. 2025 వరకు 20 కార్లలో ఐదు ఇంటికి, 2026 నుంచి 22 కార్లు కాబట్టి ఆరు. చివరి రెండు నిమిషాల్లో అందరూ ఒకేసారి బయటికొస్తారు. ముందు కారుకి ఐదారు సెకన్ల ఖాళీ కావాలని అందరూ ఆఖరి మలుపుల్లో నెమ్మదిస్తారు. ఈలోగా ముందు టైర్లు చల్లారతాయి, మొదటి మలుపులోనే కారు బయటికి పోతుంది. తొందరపడి అవుట్ లాప్‌లోనే తొక్కితే వెనక టైర్లు మూడో సెక్టార్‌కి, అంటే లాప్ చివరి భాగానికి, ఉడికిపోతాయి. నెమ్మదించమనే ఎల్లో ఫ్లాగ్ ఒక్కటి పడిందా, ఎలా తిరిగినా ఆ లాప్ వృథా.

అండర్‌కట్_ఆవడి:
రేసులో అండర్‌కట్ (ముందున్నవాడికన్నా ముందే టైర్లు మార్చుకుని అతన్ని దాటడం) ఒక్కటి అర్థమైతే సగం అర్థమైనట్టే. ముందు కారు 1.5 సెకన్ల దూరంలో ఉంది, దాని పాత టైరు మీ కొత్త టైరుకన్నా లాప్‌కి 2 సెకన్లు స్లో. మీరు ఒక లాప్ ముందు పిట్‌కెళ్తే, వాళ్లు వచ్చి వెళ్లేసరికి మీరు ముందుంటారు. కొత్త టైరు వెంటనే వేడెక్కని చోట, మొనాకోలాంటి చోట, ఇది తిరగబడుతుంది. బయటే ఉన్నవాడికి లాభం. బయటికొచ్చాక మీ ముందు ట్రాఫిక్ ఉన్నా అంతే. ఈ లెక్క ఎఫ్4కి పనికిరాదు, అక్కడ రేసులో పిట్ స్టాపే లేదు.

ప్రమాదం జరిగినప్పుడు అందరి ముందు నెమ్మదిగా నడిచే సేఫ్టీ కార్ వస్తే మిగతావాళ్లంతా నెమ్మదిగా వెళ్తుంటారు కాబట్టి పిట్‌కి వెళ్లిన నష్టం చాలా తగ్గుతుంది. దాన్నే "చీప్ స్టాప్" అంటారు.

అడయార్_యాక్సిల్:
జెండా ఊపగానే టీవీ కట్టేయకండి. 2024 బెల్జియం ఎఫ్1 రేసులో మెర్సిడెస్ డ్రైవర్ రసెల్ మొదట వచ్చాడు, కారు కనీస బరువు 798 కిలోలకి 1.5 కిలోలు తక్కువ తూగింది, డిస్‌క్వాలిఫై. ఒకే స్టాప్‌తో లాగించాడు, టైర్లు బాగా అరిగాయి. అరిగిన రబ్బరు కూడా బరువే. మామూలుగా చివరి నెమ్మది లాప్‌లో ట్రాక్ మీద రాలిన రబ్బరు ముక్కల మీద నడిపి కొంత బరువు అంటించుకుంటారు. బెల్జియం ట్రాక్ స్పాలో కార్లు పూర్తి లాప్ తిరక్కుండానే పిట్‌లోకి వచ్చేస్తాయి, ఆ దారీ మూసుకుపోయింది.

గిండీ_గేజ్:
2025 లాస్ వేగస్‌లో అయితే రెండో స్థానంలో నోరిస్, నాలుగో స్థానంలో పియాస్ట్రీ, మెక్‌లారెన్ డ్రైవర్లిద్దరూ డిస్‌క్వాలిఫై అయ్యారు. కారు అడుగున ఉండే ప్లాంక్ (పలక) 10 మి.మీ. మందం, అరిగి 9 కన్నా తగ్గకూడదు. కారు ఎంత కిందికి ఉంటే అంత డౌన్‌ఫోర్స్ (గాలి కారుని రోడ్డుకి అదిమే బలం), గతుకుల మీద అంత గీసుకుపోవడం. ప్రాక్టీస్ సరిగా జరక్కపోతే ఎత్తు ఎంత పెట్టాలో తేలదు. క్వాలిఫయింగ్ మొదలయ్యాక పార్క్ ఫెర్మే నిబంధన, అంటే ఇక సెటప్ ముట్టుకోనివ్వరు.

వేళచ్చేరి_వీల్‌నట్:
మరి రిజల్ట్ ఎప్పుడు ఖాయమైనట్టు?

స్టాప్‌వాచ్_శాస్త్రి:
షీట్ మీద "ప్రొవిజనల్" పోయి "ఫైనల్" అని వచ్చాక. స్టీవార్డ్స్ (రేసు తీర్పరులు) నిర్ణయాల కాగితాలు ఎఫ్1 నిబంధనలు పెట్టే సంస్థ ఎఫ్‌ఐఏ సైట్‌లోనే పెడతారు. ఏ నిబంధన, ఎంత కొలత అని అందులో ఉంటుంది, వాట్సాప్ ఫార్వర్డ్‌లో ఉండదు.