భాషా చర్చ: ఉప్పెన, తుఫాను, సునామీ ఒకటేనా?

బందరు మాస్టారు:

ఈ మధ్య చాలాచోట్ల ‘సునామీకి అచ్చ తెలుగు మాట ఉప్పెన’ అని రాస్తున్నారు. కొందరు తుఫానుకు బదులుగా వాడేస్తున్నారు. ఎన్నికలొస్తే ఓట్ల ఉప్పెన, సభ పెడితే జన ఉప్పెన. ఈ మాట అసలు అర్థం మన చేతుల్లోంచి జారిపోతోందని నాకు బాధగా ఉంది. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

గాలివాన వేరు, ఉప్పెన వేరు. గాలివాన ఒడ్డుకు వచ్చేటప్పుడు సముద్రాన్ని కూడా నేలమీదికి నెట్టుకొస్తే, అలా ఊళ్ళ మీద పడిన నీటిని ఉప్పెన అంటారు. అన్ని గాలివానలకూ ఉప్పెన రాదు. వచ్చినప్పుడు మాత్రం గాలికి పోయేవాళ్ళకంటే నీళ్ళకు పోయేవాళ్ళే ఎక్కువ.

మా బందరు సంగతే చెప్తాను. 1864 నవంబరు 1 రాత్రి సముద్రం మామూలు పోటు మట్టం కంటే దాదాపు 13 అడుగులు పైకి లేచి ఊరిమీద పడింది. ముప్ఫై వేల మంది పోయారని అప్పటి రికార్డులు చెప్తున్నాయి. డచ్చివాళ్ళూ ఇంగ్లీషువాళ్ళూ పోటీపడి కొట్లు పెట్టుకున్న రేవు అది. ఆ రాత్రి తర్వాత మళ్ళీ పాత దశకు రాలేదు. పంచాంగం ప్రకారం అది రక్తాక్షి నామ సంవత్సరం. పేరుకు తగ్గట్టే గడిచింది.

మీ ప్రాంతాల్లో ఈ మాట ఏ అర్థంలో వాడుకలో ఉంది? దీనికి ఉప్పుతో సంబంధం ఉందంటారా? తెలిసినవాళ్ళు చెప్పండి.

కోరంగి తమ్ముడు:

మాస్టారూ, గోదావరి పాయల దగ్గర కూడా అదే అర్థం. ఉప్పెన అంటే నీరే.

ఒకప్పుడు పెద్ద రేవైన మా కోరంగి పేరు లేకుండా ఈ చర్చ సాగదు. 1789 డిసెంబరులో మూడు పెద్ద కెరటాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి కోరంగిని తుడిచిపెట్టాయని చరిత్రలో ఉంది. లంగరేసిన ఓడలు పొలాల్లోకి కొట్టుకొచ్చాయి. ఇరవై వేల మంది పోయారంటారు. ఊరు మళ్ళీ లేచింది, మళ్ళీ ఓడలు కట్టింది. సరిగ్గా యాభై ఏళ్ళకు, 1839 నవంబరులో, మరో ఉప్పెన వచ్చి పడింది. ఆ తర్వాత రేవుగా కోరంగి ఇక కోలుకోలేదు.

1839 గురించి ఇంటర్నెట్టులో ‘40 అడుగుల కెరటం, 3 లక్షల మంది మృతి’ అని ఒక వాక్యం తిరుగుతూ ఉంటుంది. ఆ అంకెను మన రాతల్లోకి తెచ్చుకోవద్దని నా మనవి. కోరంగి ఎంత ఊరో చూసినవాళ్ళకు ఆ లెక్క పొసగదు. చనిపోయినవాళ్ళను పెంచి చెప్పినంత మాత్రాన వాళ్ళకు గౌరవం పెరగదు.

భాషకు సంబంధించి ఇంకో సంగతి. సైక్లోన్ అనే ఇంగ్లీషు మాట పుట్టుకలోనూ మన బంగాళాఖాతమే ఉంది. హెన్రీ పిడింగ్టన్ అని కలకత్తాలో ఉండేవాడు, ఒకప్పటి ఓడ కెప్టెన్. ఓడల లాగ్ పుస్తకాలు పోగుచేసి, ఇక్కడి గాలివానల్లో గాలి ఎలా తిరుగుతుందో ఏళ్ళ తరబడి లెక్కలు కట్టాడు. పాము చుట్టను సూచించే గ్రీకు మాట ఆధారంగా 1840లలో ఆ పేరు పెట్టాడు. ఆయనకు గాలి కంటే దాని వెంట వచ్చే నీరంటేనే ఎక్కువ భయం. కలకత్తాకు దిగువన మాత్లా నది మీద కొత్త రేవు కట్టాలనుకున్నప్పుడు, సముద్రం ఏదో ఒక రోజు దాన్ని ముంచుతుందని 1853లో గవర్నర్ జనరల్ డల్హౌసీకి ఉత్తరం రాశాడు. ఎవరూ పట్టించుకోలేదు. పోర్ట్ కానింగ్ కట్టారు. 1867లో గాలివాన, దానితో ఉప్పెన వచ్చి ఆ రేవును పాడుచేశాయి. చూడటానికి అప్పటికి పిడింగ్టన్ బతికి లేడు.

వాతావరణ శాస్త్రం చదివే అమ్మాయి:

మాస్టారు చెప్పిన తేడా శాస్త్రం ప్రకారం కూడా సరైనదే. ఇంగ్లీషులో స్టార్మ్ సర్జ్ అనేది మన ఉప్పెన. సునామీ సముద్రం అడుగున భూకంపం లాంటిది జరిగితే వస్తుంది. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజు కూడా రావచ్చు. 2004 డిసెంబరు 26 ఉదయం అలాగే వచ్చింది. గాలివాన లేకుండా ఉప్పెన రాదు.

చాలామంది అనుకునే ఒక మాట సరిచేయాలి. తుఫాను కన్నులో, అంటే దాని నడిమధ్య భాగంలో, పీడనం తక్కువ కాబట్టి అది సముద్రాన్ని పైకి పీల్చేస్తుందని, అదే ఉప్పెన అని చెప్తుంటారు. పీల్చడం నిజమే కానీ అది కొంచెమే. పీడనం ఒక మిల్లీబారు తగ్గితే నీరు ఒక సెంటీమీటరు లేస్తుంది. ఎంత భయంకరమైన తుఫానైనా ఈ లెక్కన మీటరు దాటడం కష్టం. మిగతా ఎత్తంతా గాలి పని. వెడల్పు పళ్ళెంలో నీళ్ళు పోసి ఒక పక్క నుంచి ఊదితే అవతలి అంచున నీరు పోగవుతుంది కదా, అదే. సముద్రం లోతుగా ఉంటే నెట్టిన నీరు అడుగు నుంచి వెనక్కి పోతుంది. తీరం దగ్గర లోతు తక్కువైతే పోయే దారి లేక మట్టం పెరుగుతూ వచ్చి నేలమీదికి ఎక్కుతుంది. కృష్ణా గోదావరి డెల్టాల్లో తీరం దగ్గరి నేలలు సముద్ర మట్టానికి రెండు మూడు మీటర్ల ఎత్తులో చదునుగా ఉంటాయి. ఎక్కిన నీటికి అడ్డేముంటుంది?

ఇంకొకటి. మన వైపు తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. అందుకని సముద్రం నుంచి నేల వైపు చూస్తే, కన్ను తీరం దాటే చోటికి కుడి పక్క గాలి సముద్రం నుంచి నేల వైపు వీస్తుంది. ఎడమ పక్క నేల నుంచి సముద్రం వైపు వీస్తుంది, అక్కడ నీరు వెనక్కి పోవడమూ ఉంది. ఒకే తుఫానులో ఒక ఊరి వాళ్ళు సముద్రం తమ మీదికి రావడం చూస్తారు, కొంత దూరంలో ఇంకో ఊరి వాళ్ళు సముద్రం ఒడ్డు వదిలి పోవడం చూస్తారు. తుఫాను అనే ఒక్క మాట ఈ రెండు అనుభవాలనూ మోయలేదు.

పోటు సంగతి కూడా ఉంది. మాస్టారు చెప్పిన 1864 నవంబరు 1కి రెండు రోజుల ముందే అమావాస్య. అంటే సముద్రం పోటు బాగా ఎక్కువగా ఉండే రోజులు. 1977లో దివిసీమ ఉప్పెన అప్పుడు అలా కాదు, నవంబరు 19 అష్టమి ప్రాంతం. పోటు బలహీనంగా ఉండే రోజుల్లోనే అంత నీరు వచ్చింది.

దివిసీమ బాబాయి:

అమ్మా, చాలా బాగా చెప్పావు. 1977 గురించి నేను రాస్తాను.

మా వైపు ఉప్పెన అంటే ఏ ఉప్పెన అని అడగరు. ‘ఉప్పెనకు ముందు పెళ్ళి’, ‘ఉప్పెన తర్వాత పుట్టినవాడు’ అంటారు. తారీఖు చెప్పక్కర్లేదు. ఇది మీ నిఘంటువుల్లో రావాల్సిన అర్థం అని నా అభిప్రాయం.

ఆ తుఫాను కన్ను చీరాల, నిజాంపట్నం వైపు తీరం దాటింది. అమ్మాయి చెప్పినట్టు మేం దానికి కుడి పక్కన పడ్డాం. బాపట్ల వైపు వాళ్ళను ముఖ్యంగా గాలి చంపింది. అక్కడ ఒక చర్చిలో తలదాచుకున్న వాళ్ళు, దాదాపు వంద మంది, కట్టడం కూలి చనిపోయారు. మమ్మల్ని నీరు చంపింది. అయిదు మీటర్లకు తక్కువ కాని నీటి గోడ సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి లాంటి ఊళ్ళ మీద పడి, పది కిలోమీటర్లు దాటి లోపలికి వచ్చింది. ప్రభుత్వ లెక్క పదివేల పైమాటే. లెక్కకు రానివాళ్ళు, కూలికి వచ్చి ఏ రికార్డులోనూ పేరు లేనివాళ్ళు ఎందరో. తాటిచెట్లు పట్టుకున్నవాళ్ళు కొందరు బతికారు. శవాలు పోల్చుకోలేనంతగా ఉబ్బిపోతే సామూహికంగా దహనం చేశారు. పశువులు వేలకు వేలు. పులిగడ్డ దగ్గర స్మారకం ఉంది, అటు వెళ్ళేవాళ్ళు ఒకసారి ఆగండి.

నేను చెప్పదలుచుకున్నది మాట గురించే. హెచ్చరికలు అసలు లేవని కాదు. చాలామందికి చేరలేదు. చేరినవాళ్ళు విన్నది ‘తుఫాను’ అని. తుఫాను అంటే గాలి. గాలికి ఏం చేస్తాం? తలుపులు బిగించుకుని, పిల్లల్ని దగ్గర పెట్టుకుని ఇంట్లో కూర్చుంటాం. నీళ్ళు వస్తున్నాయంటే ఎవరైనా ఇంట్లో కూర్చుంటారా? ఎత్తు ఎక్కడుందా అని పరుగెడతారు. పైగా దానికి వారం ముందే ఇంకో తుఫాను నాగపట్నం వైపు పోయింది. ఇదీ అలాగే పోతుందిలే అనుకున్నవాళ్ళు ఎందరో.

కర్నూలు ఉర్దూ మాస్టారు:

బాబాయిగారూ, మీరు రాసింది చదివాక ఒక విషయం చెప్పకుండా ఉండలేను. ‘తుఫాన్’ అరబ్బీ మాట. ఆ భాషలో దాని అర్థం గాలి కాదు, జలప్రళయం. నోవహు కాలంనాటి ప్రళయాన్ని ఇప్పటికీ తుఫానె నూహ్ అనే అంటారు. పారశీకం, ఉర్దూల మీదుగా మన దగ్గరికి వచ్చేసరికి అందులో నీరు తగ్గి గాలి మిగిలింది. కాబట్టి ఇప్పుడు నీటికంటూ మనకు ఉన్న మాట ఉప్పెన ఒక్కటే. దాన్ని కూడా సభకొచ్చిన జనానికి ఇచ్చేస్తే నీటికి పేరుండదు.

కోరంగి తమ్ముడు:

బెంగాలీ వాళ్ళు ఈ విషయంలో జాగ్రత్తగా ఉన్నారు. తుఫానుకు ఒక మాట, ఉప్పెనకు ‘జలోచ్ఛ్వాస్’ అని వేరే మాట. 1970 నవంబరులో భోలా తుఫానుకు మూడు లక్షల మందికి పైగా పోయిన నేల అది.

బందరు మాస్టారు:

తమ్ముడూ, మంచి మాట గుర్తుచేశావు. ఉచ్ఛ్వాసం అంటే మనకు ఊపిరి పీల్చడం. బెంగాలీలో పొంగడం, ఉప్పొంగడం అనే అర్థం బలంగా ఉంది. ఇక్కడే నా అసలు ప్రశ్నకు వస్తాను. ఉప్పెనలో ఉన్నది ఉప్పా, ఉబ్బా? ఉబ్బు, ఉప్పొంగు పక్కన పెట్టి చూస్తే నా మనసు ఉబ్బు వైపే మొగ్గుతోంది. అమ్మాయి చెప్పినదాన్ని బట్టి కూడా ఉప్పెన విరిగిపడే అల కాదు, సముద్రమే మట్టం పెంచుకుని రావడం. ఆ పేరు పెట్టినవాళ్ళు దాన్ని ఒడ్డున నిలబడి చూసి ఉండాలి.

దివిసీమ బాబాయి:

మాస్టారూ, మీరు ఒడ్డు మీద నిలబడి ఆలోచిస్తున్నారు. పొలంలో నిలబడి చూడండి. నీరు పోతుంది, ఉప్పు పోదు. బావి నీళ్ళు నోట పెట్టలేం. నేల మీద తెల్లగా పొర కడుతుంది. వానలు కడిగి కడిగి పోగొట్టే దాకా వరి సరిగ్గా రాదు. రైతుకు గుర్తుండేది ఆ ఉప్పే. వ్యాకరణం నాకు రాదు, కానీ మా వాళ్ళెవరూ ఈ మాటను ఉప్పు గుర్తు రాకుండా పలకరు.

బందరు మాస్టారు:

ఒప్పుకుంటాను. పుట్టుక ఏదైనా, జనం ఒక మాటలో ఏం వింటారో అది కూడా ఆ మాట అర్థంలో భాగమే. నిఘంటువులో ఉబ్బు, మీ పొలంలో ఉప్పు, రెండూ రాసుకుందాం.

వాతావరణ శాస్త్రం చదివే అమ్మాయి:

వాడుక విషయం ఒకటి అడుగుతాను. బులెటిన్లలో ‘అల్పపీడనం వాయుగుండంగా మారి’ అని మొదలై, ‘పదో నంబరు ప్రమాద హెచ్చరిక’ దాకా అన్నీ వస్తాయి. నీటి దగ్గరికి వచ్చేసరికి చాలాసార్లు ‘అలలు ఎగసిపడతాయి’ అని వదిలేస్తారు. అలలు రోజూ ఎగసిపడతాయి. దానికి ఎవరు ఇల్లు వదులుతారు?

1990 మేలో కృష్ణా తీరానికి అంతటి తుఫానే వచ్చింది. ముందుగానే ఆరు లక్షల మందికి పైగా జనాన్ని లోపలికి తరలించారు. పోయినవాళ్ళు వెయ్యి లోపు. ఆ వెయ్యి కూడా తక్కువేం కాదు, కానీ 1977తో పోల్చండి. జనాన్ని గాలి నుంచి తప్పించాలని కాక నీటి నుంచి తప్పించాలని ఆలోచించడం వల్లే ఇది సాధ్యమైంది. భాషలో కూడా ఆ మార్పు రావాలి.

దివిసీమ బాబాయి:

అయితే ఎలా రాయాలో నువ్వే రాసి చూపించు తల్లీ.

వాతావరణ శాస్త్రం చదివే అమ్మాయి:

ప్రయత్నిస్తాను బాబాయిగారూ. ‘రేపు సాయంత్రం తుఫాను తీరం దాటుతుంది. దాటే చోటికి కుడి పక్కనున్న ఊళ్ళకు ఉప్పెన ముప్పు ఉంది. సముద్రం నీరు మనిషి ఎత్తును మించి ఊళ్ళోకి రావచ్చు. మధ్యాహ్నంలోగా షెల్టరుకు గానీ ఎత్తైన చోటికి గానీ వెళ్ళిపోండి. గాలి తగ్గిందని వెంటనే వెనక్కి రావద్దు, కన్ను దాటాక ఎదురు గాలి మొదలవుతుంది.’

బందరు మాస్టారు:

‘మనిషి ఎత్తు’ అన్నావు చూడు, అది బాగుంది. మీటర్లు కూడా పక్కన రాయి, అధికారులకు పనికొస్తాయి. ‘ముప్పు ఉంది’ బదులు ‘ఉప్పెన వస్తుంది’ అని తేల్చి రాయొచ్చా?

వాతావరణ శాస్త్రం చదివే అమ్మాయి:

తుఫాను చివరి గంటల్లో దారి మారితే ఉప్పెన పడే చోటు కూడా మారిపోతుంది మాస్టారూ. అందుకని ‘వచ్చే ప్రమాదం ఉంది’ దగ్గర ఆగుతాను. ఆ మాట మాత్రం మార్చను. ఉప్పెన అనే రాస్తాను.