వాడేసిన నూనెకి యూరప్ కాగితమా?

బ్రాడీపేట_టిఫిన్స్: గుంటూరులో మాది చిన్న టిఫిన్ హోటల్. బజ్జీలు, పూరీలు వేయగా నెలకి మూడు డబ్బాల నూనె మిగులుతుంది. అది కొనుక్కెళ్ళే కుర్రాడు ఈసారి ఓ కాగితం తెచ్చి, "సరుకు యూరప్ వెళ్తుందండీ, ఇది మీ దగ్గర వాడిన నూనేనని సంతకం పెట్టండి" అన్నాడు. సంతకమంటేనే మా నాన్నకి టెన్షన్. ఏమిటిది?

కృష్ణలంక_కెమిస్ట్రీ: భయం లేదండి, సొంత ధ్రువీకరణ అంతే. యూరోపియన్ యూనియన్ 2018 డైరెక్టివ్‌లో (సభ్య దేశాలు పాటించాల్సిన పునరుత్పాదక ఇంధన నిబంధనల్లో) తిండి పంటలతో చేసిన ఇంధనం రవాణా ఇంధనంలో గరిష్ఠంగా 7 శాతమే లెక్కకొస్తుందని పరిమితి పెట్టారు. వాడిన వంటనూనెతో చేసిన బయోడీజిల్‌ని మాత్రం ఆ దేశాలు తమ పునరుత్పాదక ఇంధన లక్ష్యంలో రెట్టింపుగా లెక్కేసుకోవచ్చు. మీ నల్ల నూనెకి గిరాకీ అందుకే! గిరాకీ ఉంటే దొంగ సరుకూ వస్తుంది కదా. ప్రత్యేక సర్టిఫికెట్ లేని పామాయిల్ ఇంధనం 2030కల్లా వాళ్ళ లెక్కలోంచి పోతుంది. కొత్త పామాయిల్‌నే "వాడింది" అని కలిపేస్తారేమోనని వాళ్ళ అనుమానం. అందుకే వంటగది నుంచే ఆరా.

మంగళగిరి_మెస్: కిలోల గడి ఖాళీగా ఉందేమో చూడండి. మా బావగారి చేత ఖాళీ కాగితం మీదే పెట్టించుకున్నారు.

బ్రాడీపేట_టిఫిన్స్: ఖాళీగానే ఉందండోయ్! రేపు తూచి నేనే రాస్తా.