సోషియాలజీకి తెలుగులో ఏ మాట సరైనది: సాంఘిక శాస్త్రమా, సమాజశాస్త్రమా?

డిగ్రీ అధ్యాపకుడు:
బడిలో చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం కలిపి చెప్పేది సాంఘిక శాస్త్రం. మేము చెప్పే సోషియాలజీ వేరు. రెండూ ఒకటేననుకున్న విద్యార్థులు మొదటి నెలలో మా నోట్సు అట్ట మీద ‘సోషల్’ అని రాసుకొస్తున్నారు. కార్మిక సంఘం, యువజన సంఘం అన్నప్పుడు సంఘమనేది మనం సభ్యులుగా చేరేది. సమాజంలో చేరము, పుడతాము. కాబట్టి సమాజశాస్త్రమే సరైనదని నా వాదన.

ఉన్నత పాఠశాల ఉపాధ్యాయిని:
ఈ వాదనతో ఏకీభవించలేను. సంఘ సంస్కర్త, సంఘ బహిష్కరణ, సాంఘిక చిత్రం అన్న మాటల్లో ఏ సభ్యత్వమూ లేదు. అక్కడ సంఘమంటే మనుషులంతా కలిసి బతికే బతుకే. పైగా సమాజానికీ ఆ అర్థం మొదటినుంచీ లేదు. అశోకుడు మొదటి శిలాశాసనంలో సమాజం జరపకూడదన్నాడు; దాని ప్రతి కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద కూడా ఉంది. ఆయన వద్దన్నది జనం గుమిగూడే ఉత్సవాలను. అలంకార శాస్త్రంలోనైతే సామాజికుడంటే నాటకం చూసే ప్రేక్షకుడు.

డిగ్రీ అధ్యాపకుడు:
ఆ పాత అర్థాలను కాదనను. అయితే అమరకోశం పశువుల మందను సమజమనీ, తక్కినవారి గుంపును సమాజమనీ విడదీసింది. ఒక్క దీర్ఘంతో మనుషులను మంద నుంచి వేరుచేసిన ఆ మాట ఈ శాస్త్రానికి తగినదని నాకు గట్టి నమ్మకం. సోషియాలజీ పుట్టుకలోనూ ఇలాంటి అవసరమే ఉంది. ఫ్రెంచి తత్వవేత్త ఆగస్ట్ కామ్ట్ మొదట తన శాస్త్రాన్ని సామాజిక భౌతికశాస్త్రమన్నాడు. బెల్జియం గణాంకవేత్త కెట్లే అదే పేరును 1835లో తన గ్రంథానికి ఉపశీర్షికగా పెట్టుకోవడంతో, 1839లో అచ్చయిన సంపుటంలో కామ్ట్ కొత్త మాట కట్టాడు. సహచరుడనే అర్థమున్న లాటిన్ ‘సోసియస్’కు గ్రీకు ‘లోగోస్’ను అతికించాడు. రెండు భాషల అతుకని పండితులు తప్పుపట్టినా మాట నిలిచింది, ఎందుకంటే అది ఒక్క శాస్త్రానికే చెందింది.

ఉన్నత పాఠశాల ఉపాధ్యాయిని:
ఒక్క శాస్త్రానికి ఒక్క మాట ఉండాలన్నది ఒప్పుకుంటాను. బడి పాఠానికి సాంఘికాన్ని ఉంచి, మీకు సమాజశాస్త్రాన్ని వదిలేస్తాను. కానీ సోషియాలజీని సామాజిక శాస్త్రమనీ, అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం వంటివన్నీ కలిపి సామాజిక శాస్త్రాలనీ రాసేవారున్నారు. చివరి ‘లు’ ఒక్కటే తేడాగా మిగిలితే చదివే పిల్లలకు ఏది ఏదో తెలిసేదెలా? ముందు అది మార్చాలి.