అప్‌డేట్: త్వరగా నిర్ధారణ అయినవాళ్లే ముందు చనిపోతున్నట్టు రావడం, కారణం దొరికింది

అడిగింది ఇదీ: పెద్దపేగు క్యాన్సర్ థీసిస్ డేటాలో, లక్షణాలు మొదలైన నెలలోపే నిర్ధారణ అయినవాళ్లకే సర్వైవల్ తక్కువ వస్తోంది, తప్పెక్కడ అని. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

డేటాలో తప్పు లేదు. బయోస్టాటిస్టిక్స్ మేడమ్ చూడగానే చెప్పారు, ఇది 'వెయిటింగ్ టైమ్ పారడాక్స్' (త్వరగా తేలినవాళ్లకే ఫలితం చెడుగా కనబడే వైరుధ్యం) అని. పేగు మూసుకుపోయి, కడుపుబ్బి, వాంతులతో క్యాజువాలిటీకి వచ్చినవాళ్లకి గంటల్లో సీటీ అయిపోతుంది. జబ్బు అప్పటికే ముదిరి ఉంటుంది. అప్పుడప్పుడూ రక్తం పడితే మొలలేలే అని ఆయింట్‌మెంట్ రాసుకునేవాళ్లకి నెలలు పడుతుంది.

పనిచేసినవి రెండు: ఎమర్జెన్సీ కేసుల్ని విడిగా విశ్లేషించడం, ఆలస్యాన్ని 30, 90 రోజుల ముక్కలుగా కోయకుండా కాక్స్ మోడల్లో (బతికిన కాలాన్ని విశ్లేషించే గణాంక పద్ధతి) స్ప్లైన్‌గా, అంటే తెగని వంపు గీతగా పెట్టడం. గీత 'యూ' ఆకారంలో వచ్చింది, అంటే మరీ త్వరగా తేలినవాళ్లలోనూ, మరీ ఆలస్యమైనవాళ్లలోనూ మరణాలు ఎక్కువ. 2011లో డెన్మార్క్ ప్రైమరీ కేర్ అధ్యయనంలోనూ ఇదే ఆకారం.

స్టేజ్‌కి (జబ్బు ముదిరిన దశ) అడ్జస్ట్ చేయమన్న, అంటే దాని తేడాని మోడల్లో సరిచేయమన్న సలహా మాత్రం బెడిసికొట్టింది. ఆలస్యం దెబ్బతీసేదే స్టేజ్ పెంచి కదా, దాన్ని మోడల్లో వేస్తే అసలు ప్రభావమే చెరిగిపోతుంది. ఫాలో-అప్ (ఎంతకాలం బతికారన్న లెక్క) కూడా లక్షణం మొదలైన రోజునుంచి లెక్కించకండి, బయాప్సీ తేదీ నుంచి లెక్కించండి. లేకపోతే ఆలస్యమైన నెలలన్నీ బతికిన నెలలుగా ఊరికే కలిసొస్తాయి.

గణాంకాల సాఫ్ట్‌వేర్ మార్చి, ఎస్‌పీఎస్‌ఎస్ వదిలి 'ఆర్'కి మారినా తేడా ఏమీ రాలేదు.