రాయల కొలువులో మాంత్రికుడికి చోటుందా?

కొత్తకలం:
కృష్ణదేవరాయల కొలువు నేపథ్యంగా చారిత్రక ఫాంటసీ నవల రాస్తున్నాను. రాయలు 1524లో, పసివాడైన కొడుకు తిరుమలరాయలకు పట్టం కట్టారు. కొద్దికాలానికే ఆ పిల్లవాడు పోయాడు. నా కథలో అది ఒక మాంత్రికుడి ప్రయోగం. రాతప్రతి చదివిన స్నేహితుడు ‘చరిత్రతో ఆటలా?’ అని కోప్పడ్డాడు. మాయలున్న నవల కూడా చరిత్రకు జవాబు చెప్పుకోవాలా?

జానపదం:
ఎందుకు చెప్పుకోవాలి? తెనాలి రామకృష్ణుడికి కాళికాదేవి ప్రత్యక్షమైందని తరతరాలుగా చెప్పుకుంటున్నాం. శాసనం చూపించమని ఎవరైనా అడిగారా? నిశ్చింతగా రాయండి.

తాళపత్రం:
జానపదం గారూ, కాళికాదేవి ప్రత్యక్షమైనందువల్ల ఎవరి మీదా నింద పడలేదు, ఎవరి నిందా తొలగలేదు. ఇక్కడి సంగతి వేరు. పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ రాసినదాని ప్రకారం, తిమ్మరుసు కొడుకే యువరాజుకు విషం పెట్టించాడని నమ్మి, రాయలు తండ్రినీ కొడుకునూ చెరసాలలో వేశారు. ఆ తర్వాత కళ్లు తీయించారు. ఎవరి కళ్లు? ‘అప్పాజీ’ అని తాను నోరారా పిలిచాడని మనం చెప్పుకునే మనిషివి! ఒక తండ్రి దుఃఖం, ఒక రాజు అనుమానం కలిసి చేసిన ఘోరమది. అక్కడ మాంత్రికుడిని దించగానే రాయలు మోసపోయిన అమాయకుడైపోతారు. నవలకు ప్రాణమైన ఘట్టాన్ని చేజేతులా పాడుచేసుకుంటున్నారు. మాయలు వద్దనడం లేదు, ఆ ఒక్కచోట వద్దంటున్నాను.

పనిలో పని, ఇంకో మాట. ఫాంటసీ అనగానే రాజును మన్మథుడిని చేసేస్తారు. పేస్ అనే మరో పోర్చుగీసు యాత్రికుడు 1520 ప్రాంతంలో రాయలను కళ్లారా చూశాడు. మధ్యస్థమైన ఎత్తు, కాస్త ఒళ్లు, ముఖాన మశూచి మచ్చలు. తెల్లవారకముందే నువ్వుల నూనె తాగి, ఒంటికీ అదే పట్టించి, నూనె అంతా చెమటగా కారిపోయేదాకా బరువులెత్తి కత్తి తిప్పేవారట. తర్వాత కుస్తీ, గుర్రపు స్వారీ. ఇంత నిండైన మనిషి దొరికితే వదిలేసి బొమ్మ రాజును ఎందుకు తెచ్చుకుంటారో నాకు అర్థం కాదు.

అడ్డుపుల్ల:
నూనిజ్ విజయనగరంలో ఉన్నది 1535 ప్రాంతంలో. రాయలు పోయింది 1529లో. అంటే ఆయన రాసిందీ ఊళ్లో విన్న మాటే కదా. ఆయన పుకారు చరిత్ర, ఈయన మాంత్రికుడు మాత్రం అబద్ధమా?

తాళపత్రం:
పుకారే అనుకుందాం. అలాగైతే పుకారుగానే వాడుకోవచ్చు. అంతఃపురం చేతబడి అంటుంది, వైద్యులు జబ్బంటారు, తిమ్మరుసంటే గిట్టనివాళ్లు విషమంటారు. రాయలు ఎవరి మాట నమ్మారు, ఎందుకు నమ్మారు అన్నదే కథ.

కొత్తకలం:
మాంత్రికుడిని తీసేయను. అయితే ప్రయోగం జరిగిన రాత్రే పిల్లవాడి చేతికి ఒక పాలగిన్నె కూడా అందుతుంది. రెండింటిలో ఏది చంపిందో చెప్పను.

జానపదం:
మంత్రం పారిందో లేదో తేల్చకపోతే అట్టమీద ఫాంటసీ అని ఎలా వేస్తారండీ? మాంత్రికుడి కోసమే డబ్బు పెట్టి కొన్న పాఠకుడు ఊరుకుంటాడా?