చేర్యాల తరహా కటౌట్ బొమ్మలు: ఎరుపు ఫొటో ఫొటోకూ మారుతున్నది, ఏం చేయాలె?

హన్మకొండల చేర్యాల నకాషీ (ఎర్రటి నేపథ్యం మీద వేసే తెలంగాణ పటచిత్రాల కళ) తరహా అట్టబొమ్మలను కొంచెం కొంచెం కదుపుకుంట, ఒక్కో ఫొటో తీసుకుంట 90 సెకన్ల యానిమేషన్ తీస్తున్నం. సెకనుకు 12 చొప్పున 1080 ఫొటోలు. ఫోన్ పైనుంచి నిటారుగా కిందికి చూస్తది.

మొదటి 200 ఫొటోలు ఫోన్ ఆటో మోడ్‌ల తీసుడే తప్పు. బొమ్మ చెయ్యి లేచి వెనక ఎరుపును కొంచెం కప్పంగనే ఫోన్ వైట్ బ్యాలెన్స్ (వెలుగును బట్టి రంగులను సరిచేసే సెట్టింగ్) మార్చేసింది, చేర్యాల ఎరుపు కాస్తా ఇటుకరంగైంది. ఇప్పుడు ఐఎస్ఓ 100, షట్టర్ 1/50, వైట్ బ్యాలెన్స్ 5000 కెల్విన్, ఫోకస్ అన్నీ లాక్. కరెంటు 50 హెర్ట్జ్ గనక లైటు మినుకు ఫొటోల పడకుండ 1/50 సరిపోవాలె. కిటికీకి నల్లగుడ్డ కట్టినం. అయినా పది పదిహేనింటికి ఒకటి మసకగా వస్తున్నది. వోల్టేజీ ఎగుడుదిగుడా, లేక బొమ్మలు కదిపేటోళ్ల తెల్లచొక్కా మీంచి పడే వెలుగా? ఎల్ఈడీ ట్యూబు తీసేసి 12 వోల్టుల బ్యాటరీ మీద స్ట్రిప్ పెడితే ఆగుతదా?

ఇంకోటి, మోచేతి కీలు. దారం ముడి వేస్తే నలభై కదలికలకే వదులై చెయ్యి జారుతున్నది. స్ప్లిట్ పిన్ (వెనక రెండు కాళ్లు విప్పి మడిచే పిన్) పెడితే 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) అట్ట పైకి లేచి అంచుకు నీడ పడుతున్నది. వెనక టేపుతోని మడత కీలు ఎవరైనా వాడిన్రా, ఎన్ని కదలికలు ఆగింది?

పాత 200 ఎడిటింగ్‌ల సరిచేయొచ్చా? కాకతీయ తోరణం సీన్ అందులనే ఉన్నది, మళ్ల తీయాలంటే రెండు రోజులు.