గర్భిణికి పూర్తి మత్తు ఇస్తే కడుపులో బిడ్డ మెదడుకు హాని ఉంటుందా?

వసుంధర (మారతహళ్ళి, బెంగళూరు):
మా చెల్లెలికి ఆరో నెల నడుస్తోంది. పిత్తాశయంలో రాళ్ళున్నాయి. భోజనం చేసిన కాసేపటికే కుడి డొక్కలో నొప్పి మొదలై, వాంతులతో ఆసుపత్రిలో చేరవలసిన పరిస్థితి మళ్ళీ మళ్ళీ వస్తోంది. ల్యాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్) చేసి పిత్తాశయం తీసేయడమే మంచిదని సర్జన్ గారు అంటున్నారు. తన అత్తగారు మాత్రం పూర్తి మత్తు ఇస్తే బిడ్డ మెదడు దెబ్బతింటుందని, పురుడయ్యేదాకా పథ్యంతో నెట్టుకురావాలని పట్టుబడుతున్నారు. ఈ భయానికి ఆధారం ఉందా?

రఘురామ్ (జయనగర్, బెంగళూరు):
ఆ పెద్దావిడ మాటను దయచేసి కొట్టిపారేయకండి. మూడేళ్ళలోపు పిల్లలకు గానీ, చివరి మూడు నెలల్లో ఉన్న గర్భిణులకు గానీ మత్తుమందులు మూడు గంటలకు మించి లేదా పదేపదే ఇస్తే పిల్లల మెదడు ఎదుగుదలపై ప్రభావం పడవచ్చని 2016 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. సెవోఫ్లురేన్, ఐసోఫ్లురేన్, ప్రొపోఫాల్, కెటమిన్ ఆ హెచ్చరికలోని మత్తుమందుల జాబితాలో ఉన్నవే. అంతకు ముందే, 2003లో, ఏడు రోజుల ఎలుకపిల్లలకు ఆరు గంటల పాటు మత్తు ఇస్తే మెదడులో నాడీకణాలు విస్తారంగా చనిపోయాయని, పెద్దయ్యాక అవి నేర్చుకోవడంలో వెనుకబడ్డాయని తేలింది. చూలుతో ఉన్న కోతులకు ఐదు గంటలు ఐసోఫ్లురేన్ ఇచ్చినప్పుడు పిండం మెదడులోనూ కణాలు చనిపోయాయి. ఆగగలిగిన ఆపరేషన్‌ను ఆపడమే వివేకమని నా అభిప్రాయం.

సుధారాణి (మత్తు వైద్యురాలు, బెంగళూరు):
రఘురామ్ గారు చెప్పినవన్నీ నిజమే. వాటి నుంచి ఆయన తీసిన నిర్ణయంతోనే నాకు పేచీ. ఈ మందులు మాయను (ప్లసెంటాను) దాటి బిడ్డను చేరతాయి. వాటిలో ఎక్కువ భాగం మెదడు కణాలపై సంకేతాలను అందుకునే గ్రాహకాల మీద, అంటే కణాలను శాంతపరిచే గాబా గ్రాహకాలను ప్రేరేపించడం ద్వారానో, ఉత్తేజపరిచే ఎన్‌ఎండీఏ గ్రాహకాలను అడ్డుకోవడం ద్వారానో పనిచేస్తాయి. ఎదిగే మెదడులో కణానికీ కణానికీ బంధం ఏర్పడేది ఆ సంకేతాల వల్లనే కనుక, వాటిని గంటల తరబడి ఆపితే కొన్ని కణాలు చనిపోవడంలో వింత లేదు. అయితే ఎలుక మెదడు కొద్ది వారాల్లో ఎదిగిపోతుంది, మనిషి మెదడుకు ఏళ్ళు పడుతుంది. దాని ఆరు గంటలను మన ఆరు గంటలతో సమానంగా లెక్కగట్టకూడదు. ఇక్కడ అనుకుంటున్న ఆపరేషన్ సాధారణంగా గంట, గంటన్నరలో ముగుస్తుంది. ఏడు దేశాల్లో 722 మంది పసిపిల్లలపై జరిగిన ‘గ్యాస్’ (GAS) అనే పేరుగల అధ్యయనంలో, హెర్నియా ఆపరేషన్‌కు గంటలోపు సెవోఫ్లురేన్ పొందినవారికీ, మెలకువగా ఉంచి నడుం కింది భాగానికి మాత్రమే మత్తు ఇచ్చినవారికీ ఐదేళ్ళ వయసులో తెలివితేటల్లో తేడా కనిపించలేదని 2019లో ప్రకటించారు.

ఆగడం వల్ల వచ్చే ముప్పు సంగతి ఎవరూ ఎత్తడం లేదు. రాయి జారి పిత్తనాళంలో ఇరుక్కుంటే క్లోమం వాచిపోవచ్చు, జ్వరంతో నెలలు నిండకుండానే నొప్పులు రావచ్చు. బాగా ముందుగా పుట్టిన బిడ్డ మెదడుకు ఉండే ప్రమాదం ఊహ కాదు, ఎన్‌ఐసీయూల్లో (నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్ విభాగాల్లో) కళ్ళముందు కనబడేదే. అవసరమైన ఆపరేషన్‌ను ఏ నెలలోనైనా నిరాకరించకూడదని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం చెప్పడానికి కారణం ఇదే.

నిజానికి థియేటర్లో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మందు కన్నా బి.పి., ఆక్సిజన్. గర్భిణిని వెల్లకిలా పడుకోబెడితే గర్భసంచి బరువు పెద్ద సిరను నొక్కి, బి.పి. పడిపోయి, మాయకు రక్తం తగ్గుతుంది. అందుకే కుడి పిర్ర కింద మెత్త పెట్టి ఎడమవైపుకు వాలుస్తాము. ఊపిరి వదిలాక ఊపిరితిత్తుల్లో మిగిలే గాలి నిండు గర్భిణికి సుమారు 20 శాతం తక్కువ కనుక, శ్వాసగొట్టం వేసే ముందు మాస్కుతో ఆక్సిజన్ తప్పనిసరిగా పట్టిస్తాము. ఈ జాగ్రత్తల్లో లోపం జరిగితే బిడ్డకు కలిగే హాని గంటసేపటి సెవోఫ్లురేన్ కన్నా చాలా పెద్దది.

రఘురామ్:
మీరు చెప్పిన 722 మంది పుట్టిన పిల్లలు, గర్భంలో ఉన్నవారు కారు. పైగా ఎక్కువ మంది మగపిల్లలు. ఆస్ట్రేలియాలోని పెర్త్ పిల్లలపై 2021లో వచ్చిన పరిశీలనలో, తల్లి గర్భంతో ఉండగా ఆమెకు పూర్తి మత్తు ఇచ్చినప్పుడు కడుపులో ఉన్న పిల్లల్లో పదేళ్ళ వయసున ప్రవర్తనా సమస్యలు ఎక్కువని తేలింది కదా? ఇలాంటివి కుటుంబానికి చెప్పకుండా సంతకాలు తీసుకోవడం అన్యాయం.

సుధారాణి:
చెప్పి తీరాలి, అందులో రెండో మాట లేదు. ఆ పరిశీలనలో అలాంటి పిల్లలు 22 మందే ఉన్నారని, ఆ తేడాకు మత్తు కారణమో, తల్లికి వచ్చిన జబ్బు కారణమో విడదీయడం కష్టమని కూడా చెప్పాలి. బెల్జియంలోని లూవెన్‌లో వందమందికి పైగా ఇలాంటి పిల్లలను చూసి 2023లో వెలువరించిన అధ్యయనంలో అలాంటి హాని కనబడలేదు.

వసుంధర గారూ, నెలలు పెరిగేకొద్దీ గర్భసంచి పైకి వచ్చి ల్యాప్రోస్కోపీకి చోటు తగ్గుతుంది కనుక, చేయించదలిస్తే ఇదే అనువైన సమయం. అత్తగారిని కూడా వెంటబెట్టుకుని ఆపరేషన్‌కు ముందే మత్తు డాక్టరును కలవండి. మత్తు ఎంతసేపు ఉంటుందో, ప్రసూతి వైద్యురాలు అందుబాటులో ఉంటారో లేదో, ఆపరేషన్‌కు ముందూ తరువాతా బిడ్డ గుండె చప్పుడు చూస్తారో లేదో అత్తగారినే నేరుగా అడగనివ్వండి.